వదిన ఆరబెట్టిన కర్ర

ఆ బకెట్లో ఏం నానేశావే అమ్మలూ? కర్రముక్కలా? కర్రముక్కలు నానేయడమేంటే, శనగలా అవి? ఆఁ? ఫోన్లో ఎవరో చెప్పారా? అరగంట నీళ్ళలో ఉంచి నిప్పుల మీద వేస్తే పొగ దట్టంగా వస్తుందన్నాడా. వస్తుంది, ఎందుకు రాదు. తెల్లగా గుప్పుగుప్పుమని వస్తుంది. అందులో సగం ఆవిరి తల్లీ. మిగతా సగం నిప్పుకి ఊపిరాడక దగ్గే దగ్గు. ఆ పొగ పట్టిన కోడిని నీ స్నేహితులకి పెట్టు, పాపం మర్యాదస్తులైతే "బాగుంది" అని గబగబా నీళ్ళు తాగుతారు. పారబొయ్యి. మొక్కలకి పొయ్యి, అవైనా బాగుపడతాయి. వాళ్ళొచ్చేది సాయంత్రం కదా, ఇంకా పన్నెండు కూడా కాలేదు. ఇలా వచ్చి కూర్చో, ఆ స్టూలు లాక్కో. మా వదిన గానీ ఇప్పుడిక్కడ ఉంటేనా... ఏమీ అనేది కాదు. అదే భయం. తిట్టేవాళ్ళని భరించొచ్చు. ఆవిడ బకెట్టు వంక చూస్తుంది, నీ వంక చూస్తుంది, మళ్ళీ బకెట్టు వంక చూస్తుంది, అంతే, మనంతట మనమే వెళ్ళి పారబోసి రావాలి. నేను చాలాసార్లు పారబోసి వచ్చాను.

నువ్వు చూడలేదులే ఆవిణ్ణి. నువ్వేంటి, మీ నాన్న నిక్కర్లేసుకునే రోజుల్లోనే పోయింది. మా అన్నయ్య భార్య. వడ్రంగి కూతురు. పెళ్ళై ఇంటికొచ్చిన రోజు అందరు కోడళ్ళూ పెట్టెతో వస్తారు కదా, ఈవిడ పెట్టెతోపాటు చిన్న గొడ్డలి తెచ్చుకుంది. నిజం, ఒట్టు! గోనెగుడ్డలో చుట్టి, పైన తాడు కట్టి. మా అమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుని, నన్ను లోపలికి లాక్కుపోయి, "ఏమిట్రా ఇది, కోడల్ని తెచ్చారా దొంగల ముఠాని తెచ్చారా?" అంది. ఆ గొడ్డలి వాళ్ళ నాన్నదట. ఆయనకి కుడిచేతి బొటనవేలు సగమే ఉండేది. "మిగతా సగం ఏమైంది మావయ్యా" అని అడిగితే, "ఏ భోజనాల బల్లలోనో ఉండుంటుంది, ఎవరో దాని మీదే కంచం పెట్టుకుని తింటున్నారు" అనేవాడు. మహా సరదా మనిషి. ఆయన చనిపోయినప్పుడు కూడా... అది వేరే కథలే, అది చెప్తే ఇది పోతుంది. ఇంతకీ దుకాణం సంగతి కదా. మార్కెట్ వెనక సందులో మాది పొగమాంసం దుకాణం. మనిషెత్తు ఇటుకల పొయ్యి, దానికి ఇనప తలుపు, పైన పొగగొట్టం. నాన్న కట్టించి పోయాడు. ఒక మూల నిప్పులు, ఆ నిప్పుల మీద కర్రముక్కలు, ఇటువైపు కొక్కేలకి కోళ్ళూ, మేక తొడలూ, చేపలూ వేలాడుతుండేవి. మంట తగలకూడదు, పొగా వేడీ మాత్రమే తగలాలి. అన్నయ్యది బేరం, నాది నిప్పు. అన్నయ్య ఎంత మెతకంటే, పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకుని దానికే దారిచ్చేవాడు. నేనేమో దానికి తలకిందులు. ఇరవై నాలుగేళ్ళ వయసు, నాకు తెలియంది లోకంలో లేదు. ఎంత పొగొస్తే అంత రుచి అని నా సిద్ధాంతం. కట్టెల అడితిలో అప్పుడే కొట్టిన పచ్చికర్ర తెప్పించేవాణ్ణి, అది కూడా చాలదన్నట్టు దాని మీద నీళ్ళు చిలకరించేవాణ్ణి. సందు సందంతా మబ్బు పట్టేది. అది చూసి ఛాతీ విరుచుకునేవాణ్ణి.

వదిన వచ్చిన మొదటి వారమే చెప్పింది. నా కర్ర ఒకటి చేత్తో ఎత్తి, బరువు చూసి, ఇంకోదానితో కొట్టింది. దబ్ మంది. "మరిదీ, ఇది ఇంకా చెట్టే. కర్ర కాలేదు" అంది. నేను నవ్వాను. వడ్రంగి కూతురికి మాంసం గురించి ఏం తెలుసని. ఆవిడ వాదించలేదు. తరవాత కొన్నాళ్ళకి గాలివానకి బడి ఆవరణలో ముసలి మామిడిచెట్టు పడిపోయింది. పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్ళి హెడ్మాస్టరుని అడిగి, రంపం వాళ్ళని పిలిచి, చెట్టంతా జానెడు జానెడు ముక్కలు కోయించి బండి మీద ఇంటికి తోలించింది. ఇంటి వెనక పెరట్లో కింద ఇటుకలు పరిచి, దాని మీద ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, గాలి ఆడేలా పేర్చింది. పైన రేకు కప్పింది, పక్కలు వదిలేసింది. ప్రతి ముక్క చివరా సుద్దతో కొట్టిన నెల రాసింది. నా ఛాతీ ఎత్తు గోడైంది. మేం దానికి వదిన గోడ అని పేరెట్టాం. మా అమ్మ వచ్చేపోయేవాళ్ళకి చూపించేది: "కోడళ్ళు చీరలు దాచుకుంటారు, నగలు దాచుకుంటారు. మా కోడలు కట్టెలు దాచుకుంటోంది తల్లీ, పైగా వాటికి పుట్టినరోజులు!" పొయ్యిలోకి పుల్ల లేని రోజున కూడా ఆ గోడ మీంచి ఒక్క ముక్క తియ్యనివ్వలేదు. అమ్మ వండటం మానేసి కూర్చుంటే, వదిన పక్కింటికెళ్ళి చేబదులు కట్టెలు తెచ్చింది గానీ గోడ ముట్టుకోలేదు. "ఎందుకే తల్లీ ఆ మొండితనం" అంటే, "ఇంకా అవ్వలేదత్తయ్యా" అంది. ఎప్పుడవుతుందమ్మా అంటే, "అదే చెప్తుంది." ఏం చెప్పను! కర్ర చెప్తుందట! సందులో అందరికీ చెప్పి నవ్వుకున్నాను నేను. అలా రెండేళ్ళు. నెలకోసారి వెళ్ళి ఒక ముక్క తీసి బరువు చూసేది, చివర్న నక్షత్రంలా పగుళ్ళొచ్చాయేమో చూసేది, వాసన చూసేది, మళ్ళీ అక్కడే పెట్టేది. రెండేళ్ళు, అమ్మలూ. నువ్వు కోడికి పొగ పెట్టే ఆ డబ్బా కొన్నది మొన్న శుక్రవారం.

ఇక మా ఎదురింటి లాండ్రీ ఆయన. పాపం, ఆయన తప్పేం లేదు. తెల్లచొక్కాలు ఉతికి మేడ మీద ఆరేస్తే, నా పొగ వెళ్ళి వాటి మీద మసి చల్లేది. రోజూ పదకొండింటికి ఒక చొక్కా రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చేవాడు, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు. ముక్కుతో మాట్లాడతాడు. "ఇదుగో చూడండి, ఇది డాక్టరుగారి చొక్కా. ఇప్పుడిది బొగ్గులవాడి చొక్కా. ఆయనకి నేనేం చెప్పాలి? డాక్టరుగారూ, మీరు ఉద్యోగం మారండి అని చెప్పనా?" అన్నయ్య చేతులు జోడించేవాడు, నేను లోపల్నించి ఇంకో రెండు పచ్చికర్రలు వేసేవాణ్ణి. అంత పొగరు. చివరికి ఆయన మార్కెట్ కమిటీకి రాసి పడేశాడు. నోటీసొచ్చింది. వచ్చే మంగళవారం కమిటీ సెక్రటరీ స్వయంగా వచ్చి చూస్తారు, పొయ్యి పొగ ఇలాగే ఉంటే ఆ రోజే పడగొట్టిస్తారు, పనివాళ్ళని కూడా వెంట తెస్తారు. కింద ఇంకో ముక్క: ఆహారానికి తగిలే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉండాలి. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. నాన్న దగ్గరుండి కట్టించిన పొయ్యి అది. అది పోతే మాకింకో పని రాదు. మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నేను ఆ పూట పచ్చికర్ర ముట్టుకోలేదు. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, నోటీసు రెండుసార్లు చదివి, "మంగళవారమా? సరిపోతుంది. నా గోడ అయింది" అంది. అని, మర్నాడు గొడ్డలి పదును పెట్టించుకొస్తానని పుట్టింటికెళ్ళింది. సోమవారం మధ్యాహ్నానికి వచ్చేస్తాను, అప్పటిదాకా ఎవరూ ఏమీ చెయ్యొద్దు అని మరీ చెప్పింది.

ఎవరూ ఏమీ చెయ్యొద్దు అంటే నాకు ఆగుతుందా? నవ్వకు, నీ పోలికే. సోమవారం పొద్దున్న పెరట్లోకెళ్ళి చూస్తే, ఆ గోడకి రెండేళ్ళ దుమ్ము, సాలెగూళ్ళు, ఒకచోట బల్లి గుడ్లు. నోటీసులో ఏముంది? ప్రతి వస్తువూ శుభ్రంగా. కర్ర ఆహారానికి తగులుతుందా లేదా? పొగై తగులుతుంది! నా బుర్ర అలా పనిచేసింది. ఇన్నాళ్ళూ వదిన మాట విననందుకు సిగ్గుగా ఉంది కదా, ఆవిడొచ్చేసరికి ఆ గోడని తళతళలాడించి పెడదాం, సంతోషిస్తుంది అనుకున్నాను. బావి దగ్గర్నించి బిందెలు బిందెలు మోశాను. బట్టలసబ్బు రెండు బిళ్ళలు, పీచు. ఒక్కో ముక్కా తీసి, నురగ పెట్టి, తోమి, కడిగి పక్కన పెడుతున్నాను. సుద్దగీతలన్నీ కొట్టుకుపోయాయి. నాకు ఎంత హాయిగా ఉందో! పాట కూడా పాడుకున్నాను. మా అమ్మ కిటికీలోంచి చూసి, "మొత్తానికి వీడికి బుద్ధొచ్చిందే" అని మురిసిపోయింది. ఆఖరి వరస తోముతున్నాను, వదిన గొడ్డలితో పెరటి గుమ్మంలోకొచ్చింది. నేను నవ్వుతూ లేచాను. ఆవిడ నా వంక చూసింది. కర్రల వంక చూసింది. బిందె వంక చూసింది. గొడ్డలి మెల్లిగా కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. అప్పుడర్థమైంది అమ్మలూ నాకు. ఆ కూర్చోవడం చూశాక అర్థమైంది. రెండేళ్ళు వాన చుక్క పడకుండా కాపాడిన కర్రని, రేపు పొద్దున పరీక్ష అనగా, నేను సబ్బుపెట్టి స్నానం చేయించాను. "వదినా, నన్ను చంపెయ్" అన్నాను. గొడ్డలి కూడా అందుబాటులోనే ఉంది.

ఆవిడ లేచి వచ్చి నా చేతిలో ముక్క లాక్కుంది. దాని చివర నురగ ఇంకా ఉంది. రెండో చివర పైట చెంగుతో తుడిచి, నోరు ఆనించి గట్టిగా ఊదింది. నేను ఈవిడకి మతి పోయిందనుకున్నాను. ఊదుతూనే ఉంది, బుగ్గలు ఉబ్బిపోయాయి. అప్పుడు అవతలి చివర నురగలోంచి ఒక చిన్న బుడగ లేచింది. ఇంకోటి. తరవాత గుంపుగా లేచాయి. జానెడు కర్రలోంచి గాలి ఈ చివర్నించి ఆ చివరికి పోయిందన్నమాట! పచ్చికర్రయితే లోపల నీళ్ళుంటాయి, నువ్వు ప్రాణం పోయేలా ఊదినా బుడగ రాదు. ఎండిన మామిడికి లోపల సన్నటి దారులు ఖాళీ అయిపోతాయి. అన్ని చెట్లకీ ఇలా కుదరదు, కొన్నింటికి ఆ దారులు మూసుకుపోయి ఉంటాయి, నువ్వు ఊది రాలేదని పారెయ్యకు. ఆవిడ ఊపిరి తీసుకుని, "రెండేళ్ళు ఆరిన కర్రని నువ్వు ఒక్కపూటలో తడపలేవు మరిదీ. నీకంత చేతకాదు" అంది. నవ్వింది! ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, అక్కడే ఏడ్చాను. "ఏడుపు తరవాత. తడి పైపైనే ఉంది, బెరడు నీళ్ళు పట్టుకుని కూర్చుంది. ముందు బెరడు ఒలుచు" అంది. ఇక చూడు. ఆవిడ గొడ్డలితో ఒక్కో ముక్కని నాలుగు చీలికలు చేస్తుంటే, ఫట్ ఫట్ మని విడిపోతుంటే, లోపల ఒక్క చెమ్మ చుక్క లేదు. తేనె రంగు కర్ర, తియ్యటి వాసన. రెండు చీలికలు తట్టి నా చెవి దగ్గర పెట్టింది. ఠంగ్ మంది. నేను బెరడు ఒలిచి, ఎండలో చాపలు పరిచి, చీలికలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, గంటకోసారి తిప్పాను. మా అమ్మ కూడా వచ్చి కూర్చుని తిప్పింది. ఎండ దిగేసరికి పైతడి కూడా పోయింది.

మంగళవారం. ఎనిమిదింటికి వదినే వెలిగించింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. ముందు బొగ్గు బాగా రాజుకోనిచ్చి, చీలికలు రెండంటే రెండే వేసి, కింద గాలి తలుపు తెరిచి పెట్టింది. మొదట తెల్లపొగ వచ్చింది. "ఇది పోనీ" అంది. పోయింది. తరవాత గొట్టం మీద, ఏమని చెప్పను, గాలి కాస్త వణికినట్టుంటుందే, వెనక మేడ గోడ కొంచెం నీలంగా కనపడుతుంది, అంతే. అప్పుడు కోళ్ళు లోపల వేలాడదీసింది. ఎదురు మేడ మీద లాండ్రీ ఆయన ఏం చేశాడో తెలుసా? కొత్త తెల్లదుప్పటి, పెళ్ళిమంచానికి వేసేంతది, సరిగ్గా మా గొట్టానికి ఎదురుగా తీగ మీద ఆరేసి, పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాడు. సాక్ష్యం! పదకొండింటికి సెక్రటరీ, ఆయన వెనక గుమాస్తా, వాళ్ళ వెనక గునపాలతో ఇద్దరు. సందు నిండా జనం. అన్నయ్య బొగ్గు బస్తాల వెనక్కి పోయాడు. సెక్రటరీ తలెత్తి గొట్టం చూశాడు. మళ్ళీ చూశాడు. ఆయనకి కోపమొచ్చింది. "ఏమయ్యా, నేనొస్తున్నానని పొయ్యి వెలిగించడం మానేశారా? మమ్మల్ని వెర్రివాళ్ళనుకున్నారా? వెలిగించండి ముందు, ఎంత పొగొస్తుందో నేను చూడాలి!" వదిన కొంగు నడుముకి దోపుకుని, "వెలిగించి మూడు గంటలైందండీ" అంది. ఆయన నమ్మలేదు. నమ్మక, పోయి ఇటుకల మీద అరచెయ్యి ఆనించాడు. అబ్బా అని ఎగిరి, చెయ్యి ఊదుకుంటూ నిలబడ్డాడు! జనం గొల్లుమన్నారు. వదిన నవ్వలేదు, వెళ్ళి ఇనప తలుపు తెరిచింది. ఆ వాసన... ఇన్నేళ్ళైంది, ఇప్పటికీ చెప్తుంటే నోరూరుతోంది చూడు. కోళ్ళన్నీ కొత్త రాగిచెంబు రంగులో ఉన్నాయి. నా చేతికింద ఎప్పుడూ నల్లగా, చేదుగా వచ్చేవి. నా పొయ్యే, నాన్న పొయ్యే, కోళ్ళు కూడా అవే. నేను ఆరేళ్ళు మాంసానికి మసి పూసి అమ్మానని అప్పుడు తెలిసింది. పైన లాండ్రీ ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దుప్పటి ఇటు చూశాడు, తిరగేసి అటు చూశాడు, అంచు మడత విప్పి అందులో కూడా చూశాడు. సెక్రటరీ కిందనించి, "ఏమండీ, ఉందా?" అని అరిచాడు. ఈయన ముక్కుతోనే, "ప్రస్తుతానికి... కనపడట్లేదు" అన్నాడు. తరవాత, "అమ్మా, ఒక కోడి నాకు కట్టి పెట్టండి" అన్నాడు. అబ్బ, ఆ అరుపులు, ఆ ఈలలు! గునపాలవాళ్ళు కూడా గునపాలు గోడకి ఆనించి చెరో ముక్కా తిన్నారు. నేనైతే గంతులేశాను, పిచ్చిపట్టినట్టు. జీవితంలో అంత సంతోషం నాకు నా పెళ్ళప్పుడు కూడా కలగలేదు, మీ నాయనమ్మకి చెప్పకు.

ఆఁ, ఇంకా ఉంది. అసలుది ఇదే. సెక్రటరీ చెయ్యికి తడిగుడ్డ చుట్టుకుని, "పొయ్యి ఉంచుకోవచ్చు, కానీ బాధ్యత ఎవరో ఒకరి పేరు మీద రాయాలి" అన్నాడు. గుమాస్తా కాగితం తీశాడు. అన్నయ్య బస్తాల వెనక్నించి వచ్చి, మెతక మనిషి, ఎప్పుడూ గొంతు లేవదు, "మా ఆవిడ పేరు మీద రాయండి" అన్నాడు. మా అమ్మ తలూపింది. గుమాస్తా పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు. "వృత్తి... ఇంటిపని అని రాసేస్తాను" అని తనే అనుకుంటూ కలం పెట్టాడు. వదిన ఆపింది. "కాదండీ. కర్ర ఆరబెడతాను. అది రాయండి" అంది. గుమాస్తా పకపకా నవ్వాడు. "అదేం వృత్తి అమ్మా? కర్రలు వాటంతటవే ఆరతాయి!" అన్నాడు. అప్పుడు అరిచాను నేను. "ఆరవండీ!" అని అరిచాను. గొంతు పగిలిపోయేలా. "ఇటుకలు పరవాలి, గాలి చూసి పేర్చాలి, రేకు కప్పాలి, రెండేళ్ళు ఓపిక పట్టాలి, నాలాంటి వెధవలు నవ్వుతుంటే ఊరుకోవాలి. వాటంతటవే ఆరవు. రాయండి!" అన్నాను. గుమాస్తా సెక్రటరీ వంక చూశాడు, సెక్రటరీ తన కాలిన చెయ్యి వంక చూసుకుని, "రాయవయ్యా" అన్నాడు. రాశాడు. ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆవిడ ఆ కాగితం అన్నయ్యకివ్వలేదు, అమ్మకివ్వలేదు, తిన్నగా నా దగ్గరికి తెచ్చింది. "చదువు మరిదీ" అంది. ఆవిడకి చదువు రాక కాదు, నాకంటే బాగా వచ్చు. వినాలని. పేరు చదివాను. వృత్తి దగ్గరికొచ్చాను, అదీ చదివాను, కర్ర ఆరబెట్టుట అని, గట్టిగా, ఆ మేడ మీదకి వినపడేలా. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. విని, "ఇంకోసారి" అంది.

...